మరపుటేటి పంపకం

కూరగాయల బండి నూకాలు కళ్ళు గట్టిగా మూసుకుని హైమ సంచిలో బెండకాయలు పోసింది. దోసిలితో రెండుసార్లు, అంతే. తూకం లేదు. కళ్ళు తెరిచి సంచి వంక చూసి, "ఎన్ని పడితే అన్నే లెండమ్మా. చూసి పోస్తే పక్షపాతం వచ్చేస్తాది" అంది.

నిన్నమొన్నటి దాకా ఒక్క బెండకాయ ఎక్కువ పడితే చటుక్కున వెనక్కి తీసుకున్న మనిషి ఈ నూకాలు. హైమకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. కళ్ళు మూసుకుని పంచాలన్న ఆచారం ఏ వేదంలోనూ లేదు, ఏ తాతముత్తాతలూ చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం చల్లారిపోయిన కాఫీ తాగుతూ తనే రాసింది.

హైమ ఉద్యోగం ఆచారకర్త. అష్టసీమ అనే ఆటలోకంలో ఎనిమిది దేశాలుంటే, వాటి దేవుళ్ళు, నోములు, పురుడూ మైలా, ఏది పుణ్యం ఏది పాపం అన్న లెక్కలన్నీ ఆమే, మరో ముగ్గురూ కూర్చుని రాస్తారు. ఆటలోకం అని పాత అలవాటు కొద్దీ అంటున్నారు గానీ, నుదుటిపట్టు వచ్చాక దాన్ని ఆట అనుకునేవాళ్ళు లేరు. వెనకటి పరికరాలు కంటికి బొమ్మ చూపించేవి. నుదుటిపట్టు నేరుగా జ్ఞాపకమే పెడుతుంది. అరగంట కట్టుకుంటే మూడు రోజులు అక్కడ బతికొచ్చినట్టు ఉంటుంది. ఆ కొత్త జ్ఞాపకాలకు చోటు కావాలి కాబట్టి పాతవాటిని కాస్త వదులు చేస్తుంది, డబ్బాలో బియ్యం కుదిపి మరో గిద్దెడు పోసినట్టు. దానివల్ల ఏ ప్రమాదమూ లేదని వైద్యులు సంతకాలు పెట్టారు. వైద్యులు ఎన్నిటికి పెట్టలేదు గనక!

ఎనిమిది దేశాల్లోనూ నూకాలుతో సహా జనానికి బాగా నచ్చినది ఉమ్మడిసీమ. అక్కడ ఇళ్ళకు తాళాలుండవు. "నాది" అనుకోవడమే మహాపాపం. వాళ్ళ దేవత పంచుతల్లి. కరువు కాలంలో ఆమెకు వెయ్యిమంది పిల్లలు, ఒక్క కుండెడు అంబలి. మొహాలు చూస్తే ముద్దొచ్చినవాడికి గరిటె నిండుతుందని భయపడి, కళ్ళు మూసుకుని వడ్డించిందట. అప్పటినుంచి ఆ సీమలో ఎవరు ఏది పంచినా కళ్ళు మూసుకునే పంచాలి. ఈ కథ రాసినందుకు సంస్థవాళ్ళు హైమకు శాలువా కూడా కప్పారు.

ఆమె ఇంటికొచ్చేసరికి భర్త మురారి బాల్కనీలో నుదుటిపట్టు విప్పుతున్నాడు. మొహం తేటగా ఉంది. మూడేళ్ళుగా ఆ మొహంలో అంత తేటదనం ఆమె చూడలేదు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు.

"హైమా, ఆ చిన్నగదిలో తలుపు పక్కన గోడమీద ఏవో పెన్సిలు గీతలున్నాయి, చూశావా? ఒకదాని మీద ఒకటి. మనకంటే ముందున్నవాళ్ళ పిల్లలు గీసుంటారు. సున్నం వేయించేద్దామా?"

ఆమె సంచి కింద పెట్టేసింది. "అదేమిటండీ! ఇందుజ పొడుగు కదా. ఏటేటా పుట్టినరోజుకి మీరే గీసేవారు."

"ఇందుజ ఎవరు?"

పరాచికం కాదు. ఆ కళ్ళలో దాపరికం లేదు. కొత్తగా పరిచయమైన మనిషిని గురించి అడిగినట్టు, మర్యాదగా అడిగాడు.

తొమ్మిదేళ్ళ కూతురు. మూడేళ్ళ కిందట నాలుగు రోజుల జ్వరంలో పోయింది. ఏం జరిగిందో హైమకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. మురారి మరపుటేటి నోము పట్టాడు.

ఆ నోమూ ఆమె రాసిందే. అష్టసీమలో పుట్టి పెరిగే జనం ఉంటారు, యంత్రం పుట్టించిన జనం. వాళ్ళలో ఎవరైనా పోతే మిగిలినవాళ్ళు అంగళ్ళు కట్టేసి, అరుగుల మీద కూర్చుని నెలల తరబడి ఏడ్చేవారు. చూడవచ్చినవాళ్ళు విసుక్కున్నారు. ఈ ఏడుపు ఆపడానికి ఏదైనా ఆచారం రాయమని పైవాళ్ళు అడిగారు. అప్పటికి ఇందుజ పోయి ఎనిమిది నెలలు. హైమ ఒక్క పూటలో రాసిచ్చింది. పోయినవారి పేరు దొన్నెలో ఉంచి ఉమ్మడిసీమలో పారే మరపుటేటి పడవామెకు అప్పగిస్తే, ఆ పేరూ రూపూ గొంతూ అన్నీ ఏట్లో కలిసిపోతాయి, ఇచ్చినవారి గుండె బరువు దిగుతుంది. తనకు కావలసినదాన్నే అంత అందంగా రాసుకుందని ఆమెకు తెలుసు. తెలిసే ఆ ఏటి గట్టుకు ఒక్కసారీ వెళ్ళలేదు.

అది లోపలి జనం కోసం రాసిన నోము. బయటి మనుషులు పడితే నుదుటిపట్టు దాన్ని ఆజ్ఞగా తీసుకుంటుందనీ, వదులైన జ్ఞాపకాన్ని నిజంగానే ఊడ్చేస్తుందనీ ఎవరూ అనుకోలేదు.

"నోము పట్టినట్టు గుర్తుంది," అన్నాడు మురారి. "ఎందుకు పట్టానో గుర్తులేదు. మంచికే అయ్యుంటుంది. రాత్రి హాయిగా నిద్రపట్టింది హైమా. నువ్వూ పట్టరాదూ?"

ఆమెకు అతని మీద ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా అసూయ పుట్టింది. తర్వాత భయం వేసింది. ఇందుజను ఎత్తుకుని పెంచినవాళ్ళు ఇద్దరే. బడికి వెళ్ళే దారిలో తండ్రీకూతుళ్ళు ఏం మాట్లాడుకునేవారో హైమకు తెలియదు. అడిగితే, "మా రహస్యాలు" అని ఇద్దరూ నవ్వేవారు. ఆ పిల్లలో సగం మురారి దగ్గరే ఉండేది. ఆ సగం ఇప్పుడు ఏట్లో ఉంది. దాన్ని ఎలాగైనా వెనక్కి తేవాలనుకుంది.

ఆ మధ్యాహ్నమే నుదుటిపట్టు కట్టుకుని మరపుటేటి గట్టున నిలబడింది. నీళ్ళు బూడిదరంగులో, అల లేకుండా ఉన్నాయి. పడవామె ఓలమ్మ గెడకర్ర ఆనించుకుని కూర్చుని ఉంది.

"మా ఆయన ఇచ్చిన పేరు తిరిగి ఇచ్చెయ్యి ఓలమ్మా."

"ఇవ్వడానికి నోముంది తల్లీ. పుచ్చుకోడానికి లేదు. శాస్త్రంలో లేని పని నన్ను చెయ్యమంటే ఎట్టా?"

"ఆ శాస్త్రం రాసింది నేనే."

"అయితే ఇదీ రాయండి," అంది ఓలమ్మ తాపీగా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు తనే, అయినా అంతే. "మీ బయటోళ్ళ పేర్లు మావాటిలా కరగట్లేదు తల్లీ. అడుగున ఉండిపోతన్నాయి. ఏడ్చేవాళ్ళు లేక ఒకదాన్నొకటి పిలుచుకుంటన్నాయి. వినండి."

హైమ వంగింది. నీళ్ళ కింద సన్నగా, బడిలో హాజరు వేస్తున్నట్టు, పేరు తర్వాత పేరు వినిపించింది. ముసలి గొంతులు, చంటి గొంతులు. ఒక పేరు పలికాక కాసేపు ఆగుతున్నాయి, ఎవరైనా పలుకుతారేమోనని. హైమ చెవులు మూసుకుని పైకి లేచింది.

మూడు రోజులు తిండి సరిగా తినకుండా కొత్త పండగ రాసింది. పేరు 'ఎదురేరు'. ఏడాదికొక ఉదయం ఏరు వెనక్కి పారుతుంది. పేర్లు ఇచ్చినవారు గట్టున వరస కడితే పడవామె పేర్లు తిరిగి పంచుతుంది. పండగంటే జనం వస్తారు కాబట్టి పైవాళ్ళు చదవకుండానే ఒప్పేసుకున్నారు. హైమ కూడా రాసినదాన్ని రెండోసారి చదవలేదు. పిల్ల కోసం అల్లాడిపోతున్న తల్లికి అక్షరాల మీద చూపెక్కడ నిలుస్తుంది?

"పండగ చూసొద్దాం రండి," అంటే మురారి సరదాగా బయలుదేరాడు.

గట్టు పొడవునా లక్షల మంది. అందరి మొహాలూ మురారి మొహంలాగే తేటగా, ఖాళీగా ఉన్నాయి. తాము ఏం పోగొట్టుకున్నారో తెలియక జాతరకొచ్చినట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. ఏరు ఒక్కసారి ఆగింది. తర్వాత చప్పుడు లేకుండా వెనక్కి కదిలింది. నిండిన దొన్నెలతో ఓలమ్మ గట్టుకు వచ్చింది. కొంగు చింపి కళ్ళకు కట్టుకుంది.

హైమకు అప్పుడు తట్టింది. 'పంచుతుంది' అని రాసింది తను. ఉమ్మడిసీమలో పంచడమంటే ఎలాగో కూడా తనే రాసింది.

"ఓలమ్మా! వద్దు! ఎవరిది వాళ్ళకే ఇవ్వాలి!"

"ఎవరిది వాళ్ళకా?" అంది ఓలమ్మ, చేతికందిన దొన్నె చేతికందిన మనిషికి అందిస్తూ. "తప్పు తల్లీ. 'నాది' అనకూడదు. మీరే చెప్పారు."

అలా వరసగా అందించుకుంటూ పోయింది. దొన్నె అందుకున్న ప్రతి మనిషీ మోకాళ్ళ మీద కూలిపోయాడు. కాసేపటికి గట్టంతా ఒకటే శోకం. హైమ ఏమీ ఇవ్వలేదు కాబట్టి ఆమె ముందు ఓలమ్మ ఆగనే లేదు.

నుదుటిపట్లు విప్పేసరికి ఎండ బాల్కనీలోకి వచ్చింది. మురారి నేల మీద కూర్చుని రెండు చేతులతో కడుపు పట్టుకుని ఏడుస్తున్నాడు. లక్షలో ఒక్క వంతు అదృష్టం ఉండకూడదా అనుకుంటూ హైమ పక్కన కూర్చుంది.

"ఎవరండీ? ఎవరు గుర్తొచ్చారు?"

"నా చిన్నాగాడు," అన్నాడు. "నొప్పులు రెండు రోజులు పడ్డాను హైమా. తెల్లవారగట్ల పుట్టాడు. ఒళ్ళో వేస్తే వెచ్చగా... పాలు పడక ఎంత ఏడ్చానో. చిన్నా, చిన్నా అని పిలిచేదాన్ని. ఆరేళ్ళకే..."

ఏ ఊళ్ళోనో ఒక తల్లి ఇప్పుడు తన బిడ్డ కానివాళ్ళ కోసం గుండెలు బాదుకుంటూ ఉంటుంది. ఇంకెక్కడో, ఏ ఇంట్లోనో, ముక్కూమొహం తెలియని మనిషికి ఇందుజ బడి దారిలో చెప్పిన రహస్యాలన్నీ ఈపాటికి తెలిసిపోయి ఉంటాయి. ఎవరింటి తలుపు కొట్టి అడగాలి?

"ఇందుజ అని ఒక పాప..." అంది చివరి ఆశగా.

"పాపం, ఎవరి పాపో," అన్నాడు మురారి కళ్ళు తుడుచుకుంటూ.

హైమ అతని తల తన ఒళ్ళోకి తీసుకుంది. "చిన్నాకి ఏమిష్టం?" అని అడిగింది. ఉప్పుడుబియ్యం గంజి ఇష్టమన్నాడు. లిఫ్టంటే భయమన్నాడు. కుడి చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదని, అక్కడ ముద్దు పెడితే కితకితలని చెప్పాడు. చెబుతూ ఉంటే హైమకు ఏడుపు ముంచుకొచ్చింది. మూడేళ్ళుగా ఒక్కతే, బాత్రూంలో కొళాయి విప్పి ఏడ్చిన మనిషి, ఇప్పుడు భర్త భుజం పట్టుకుని గొంతెత్తి ఏడ్చింది.

మురారి తలెత్తి ఆశ్చర్యంగా చూశాడు.

"నువ్వెందుకు ఏడుస్తావు హైమా? నువ్వు వాణ్ణి చూడనైనా లేదుగా."