నారు పోశాక మార్చిన వంతు

కొడవలూరులో ఆ ఉదయం రంగనాయకులు దోసె తిరగేస్తుండగా, ముందుగదిలో కొడుకు హరినాథ్ హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీదికి విసిరినాడు.

"అక్కా! సంజీవిని చంపేసినారు మీ వాళ్లు!"

వెన్నెల ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. ఆమె ఇంటి నుంచే ఒక గేమ్ కంపెనీకి పనిచేస్తుంది. జట్లు జట్లుగా పోరాడే ఆ ఆన్‌లైన్ ఆటలో ఏ పాత్రకు ఎంత బలం ఉండాలో తేల్చడమే ఆమె పని. తమ్ముడు ఆడేదీ అదే ఆట. ఆదివారం వాళ్ల జట్టుకు సెమీఫైనల్. మూడు నెలలుగా సంజీవి అనే ఒక్క పాత్రనే సాధన చేస్తున్నాడు.

"ఏందిరా గోల?" అంటూ రంగనాయకులు వంటింట్లోంచి వచ్చినాడు.

"సంజీవి పక్కన నిలబడితే చాలు నాయనా, మనవాళ్ల గాయాలు వాటంతటవే మానతాయి. బటన్ నొక్కే పనే లేదు. దాన్ని పాసివ్ అంటారు. సెకనుకు ఐదు పాయింట్లు మానేది, ఇవాళ్టి అప్‌డేట్‌లో రెండు చేసినారు. ఎవరు చేసినారో అడుగు!"

"నేనే," అంది వెన్నెల. "ఊరికే వచ్చే బలం అది. సంజీవి ఉన్న జట్టు పదింట ఆరు ఆటలు గెలుస్తోంది. మిగతావాళ్లు వేళ్లు అరిగేలా నొక్కినా ఓడిపోతున్నారు."

"ఊరికేనా? సరైన చోట నిలబడటం పని కాదా? నువ్వాడి చూడు, మొదటి నిమిషంలోనే చస్తావు!"

రంగనాయకులు కుర్చీ లాక్కుని ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

"మన పెద్దమడికి పైవాళ్ల చేలోంచి ఊట దిగుతుంది. నీళ్లు పెట్టకపోయినా తడి ఆరదు. అందుకే కాలువ నీళ్ల వంతులో మనం గంట తక్కువ తీసుకుంటాం. చివరి మడివాడూ పండించుకోవాలి గదరా."

హరినాథ్ విసిరిన హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాడు.

"కానీ అమ్మీ," కూతురి వైపు తిరిగినాడు తండ్రి. "ఆ గంట తగ్గించింది దుక్కికి ముందు అందరం కూర్చుని. నారు పోశాక వంతు ఎవరూ మార్చరు. మీ ఆటలో మారుస్తారా?"

వెన్నెల ల్యాప్‌టాప్ మూసింది.

"మార్చం నాయనా. పోటీ నడుస్తుంటే మార్పులు ఆపమని ఎప్పుడూ నేనే అడుగుతాను."

"మరి ఈసారో?"

"వీడున్నాడుగా. ఆపమంటే తమ్ముడి కోసం అంటారని భయపడినా." ఆమె తమ్ముడి వైపు చూసింది. "వీడు లేకపోయుంటే అడిగేదాన్నే."

కాసేపటికి తన పై అధికారి సుశీల్ కుమార్‌కు ఫోన్ చేసింది. "సార్, ముందే చెప్పాల్సింది. ఆ పోటీలో మా తమ్ముడు ఆడుతున్నాడు. సంజీవిని తగ్గించడం సరైనదే, తేదీనే తప్పు. అది తెలిసీ నోరు మూసుకున్నా. ఇక నేను లేకుండా మీరే తేల్చండి."

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. పోటీ అయ్యేదాకా పాత లెక్కే. విషయం దాచినందుకు వెన్నెల ఆరు నెలలపాటు సంజీవి జోలికి పోకూడదు.

"నీ పనికి ఎసరు పెట్టినానా?" అన్నాడు హరినాథ్.

"లేదురా. చీవాట్లతో సరిపోయింది."

అతను అక్కడే నిలబడినాడు. "పొద్దున మావాళ్లు ఈ మార్పు చేసినవాళ్లను గ్రూపులో బూతులు తిట్టినారు. నేనూ రెండు తిట్టినా అక్కా. చేసింది నువ్వై ఉంటావని తెలిసే."

వెన్నెల నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఏమని తిట్టినావు?"

"చెప్పను."

అక్కడే ఫోన్ తీసి జట్టువాళ్లకు మాట రికార్డు చేసి పంపినాడు. "ఒరే, సంజీవిని తగ్గించింది మా అక్క. ఆమె లెక్క తప్పు కాదు. ఆదివారం పాత లెక్కే ఉంటుంది, అది కూడా ఆమె నిజం చెప్పబట్టే. ఇంక తిట్టాలంటే నన్ను తిట్టండి."

ఇన్నాళ్లూ లెక్కలో తప్పు వస్తుందేమోనని భయపడింది గానీ, తనవాడికి అన్యాయం చేసి దాన్ని న్యాయమనుకుంటానని వెన్నెల ఎప్పుడూ అనుకోలేదు. తమ్ముడి చేయి పట్టుకుని, తండ్రి చూస్తుండగానే ఏడ్చేసింది.