గంజి పెట్టిన కాగితాలు

అద్దం పలక మీద కాగితం మళ్ళీ అంటుకుపోయింది.

రామచంద్రం సారు ఒక మూల పట్టుకుని మెల్లగా లాగారు. అది బొమ్మతో పాటు లేచి రావాల్సింది పోయి సర్రున చిరిగింది. సగం ఆయన చేతిలోకి వచ్చింది, సగం అద్దానికే ఉండిపోయింది.

"గిది రెండోది," అన్నారు సారు. ఆయన గొంతులో కోపం లేదు, ఓపికా లేదు. పొద్దటి నుంచి వరసగా క్లాసులు చెప్పి, అన్నం కూడా తినకుండా ఈ బొమ్మల పని పెట్టుకున్నారు పాపం.

చూడ్డానికి సులువైన పనే. అద్దం మీద సిరా పలుచగా పూయాలి. ఆ సిరాలోనే పుల్లతో బొమ్మ గీయాలి. తడిపిన కాగితం పైన పరిచి, అరచేత్తో రుద్ది లేపితే బొమ్మ కాగితం మీదికి వచ్చేస్తుంది. ఒకసారి గీస్తే ఒక్క బొమ్మే.

సిరా, కాగితం ఎంచుకోవడానికే సారుకు వారం పట్టింది. కలంలో పోసే సిరా అద్దం మీద చుక్కలు చుక్కలుగా విడిపోయింది. నున్నటి కాగితం సిరాను తాగనే లేదు. చివరికి ప్రెస్సులో పనిచేసే హనుమండ్లు తాత ఇచ్చిన చిక్కటి అచ్చు సిరా, కోరుట్ల నుంచి తెప్పించిన మెత్తటి చేతికాగితం కుదిరాయి. అదీ నాలుగంటే నాలుగు కాగితాలు. బడి పెట్టెలో ఎలుకలున్నాయని వాటిని సరోజన చేతికిచ్చి ఇంట్లో దాచమన్నారు. ఆరో తరగతి మొత్తంలో సరోజనంత పదిలమైన పిల్ల లేదని ఆయన నమ్మకం.

ఆ పదిలమే కొంప ముంచింది.

సిరిసిల్లలో సరోజన వాళ్ళది మగ్గాల ఇల్లు. వాళ్ళవ్వ దేవవ్వ పడుగు నూలుకు గంజి పెడుతుంది. గంజి పెట్టని నూలు మగ్గం మీద ఊరికే తెగుతుందని సరోజనకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నిన్న సాయంత్రం ఆ కాగితాలు పట్టి చూస్తే మరీ మెత్తగా అనిపించాయి. రుద్దితే చినిగిపోతాయేమోనని భయం వేసింది. మిగిలిన గంజిని నాలుగింటికీ రాసి దండెం మీద ఆరేసింది. పొద్దునకల్లా అవి పెళపెళలాడాయి. భలే పని చేశానని మురిసిపోయింది కూడా. బడికి వచ్చాక వాటిని నీళ్ళలో తడిపిందీ తనే కాబట్టి సారుకు తేడా తెలియలేదు.

ఇప్పుడు అద్దం మీది ముక్కను గోటితో గీకుతుంటే వేలికి జిగట తగిలింది. తడికి గంజి బంకైపోయింది. తప్పు తనదేనని సరోజనకు అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో పక్కనే ఉన్న తన క్లాసు పోశం అందుకున్నాడు.

"సిరానే ఖరాబున్నది సార్. హనుమండ్లు తాతకు కండ్లు ఆనుతలేవట."

చిరిగింది వాడు గీసిన ఎద్దు. వాడి బాధ వాడిది.

సారు నిట్టూర్చారు. "గంతే కావచ్చు. సరోజనా, గీ డబ్బా పట్టుకొని జర ప్రెస్సుకు పోయిరా బిడ్డా. అంటుకపోతున్నదని చెప్పు."

సరోజన డబ్బా తీసుకుంది. గంజి సంగతి చెప్పకుండానే బయల్దేరింది.

ప్రెస్సులో హనుమండ్లు తాత పొద్దటి నుంచి పెళ్ళి పత్రికలు కొడుతున్నాడు. కాలితో తొక్కే మిషను అది. సరోజనను చూసి కాలు ఆపి, స్టూలు మీద కూలబడ్డాడు.

"సిరా అంటుకపోతున్నదట తాతా. సారు చెప్పమన్నడు."

ఆయన వాదించి ఉంటే బాగుండేది. వాదించలేదు. డబ్బాలో వేలు ముంచి, సిరాను రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మళ్ళీ రుద్దాడు.

"నాకైతే మంచిగనే అనిపిస్తున్నది. కని నాకు అనిపిస్తె ఏం లాభం బిడ్డా. సిరాల అవిసె నూనె ఎక్కువ పోసిన్నేమో. గిన్నేండ్ల సంది కలుపుతున్న, గీ మధ్య నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

రాతి పలక మీద కొత్త సిరా వేసి కత్తితో కలపసాగాడు. భుజం పట్టేసి రెండుసార్లు ఆగాడు.

"అయిదింటికి మా ప్రెస్సు సేటు వస్తడు. చెప్పేస్త, సిరా పని ఇంకెవలికన్న ఇయ్యిమని. పెండ్లి పత్రికలు గిట్ల ఖరాబైతే ఇజ్జత్ పోతది."

చెప్పెయ్, చెప్పెయ్ అని సరోజన మనసు పోరు పెట్టింది. చెబితే సారు ఇంకెప్పుడూ ఏదీ నమ్మి ఇవ్వరు. ఆ భయంతో నేల చూపులు చూస్తూ నిలబడింది.

తాత కొత్త డబ్బాతో పాటు కొన్ని కాగితం ముక్కలూ ఇచ్చాడు. "ముందుగాల వీటి మీద చూసుకొమ్మను. కాయితం అంచు నాలుకకు ఆనియ్యాలె. పట్టుకుంటె సిరా తాగుతది. జారితె తాగది."

తిరిగొచ్చే దారిలో ఎండ మాడ్చేస్తోంది. సరోజన ఒక ముక్క తీసి నాలుకకు ఆనించింది. అది గట్టిగా పట్టుకుంది. కోరుట్ల కాగితం కూడా నిన్నటిదాకా ఇట్లాగే పట్టుకునేదేమో. ఆ ఆలోచన రాగానే ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ బడికి నడిచింది.

"కొత్తదిచ్చిండా?" అడిగారు సారు.

"ఇచ్చిండు సార్. కని పాతది కూడ మంచిదే." సరోజన తల ఎత్తలేకపోయింది. "నేనే కాయితాలకు గంజి పెట్టిన. గట్టిగుంటయని. తెలిసినంక గూడ చెప్పలే. తాతకు గూడ చెప్పలే."

పోశం కళ్ళు ఎర్రబడ్డాయి. "నా ఎద్దు ఉత్తపుణ్యానికి పాయె."

సారు కుర్చీలో వెనక్కి వాలారు. అద్దం మీది జిగటను వేలితో తడిమి చూశారు. "గంజా," అన్నారు చివరికి. "నన్నొక మాట అడుగకపోతివి బిడ్డా."

"పాత సిరాతోనే ఒక్కటి తీస్త సార్. గీ ముక్క మీద. జల్ది పోవాలె. తాత పని ఇడిచిపెడుతనంటుండు."

సారు అద్దం ఆమె వైపు జరిపారు. పోశం మూతి ముడుచుకునే మళ్ళీ ఎద్దును గీశాడు, ఈసారి చిన్నగా. సరోజన కాగితం పరిచి, చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్ది, మూల పట్టుకుని లేపింది. అది చిరగకుండా వచ్చింది.

ఆరేదాకా ఆగలేదు. రెండు మూలలు పట్టుకుని, కాళ్ళు పీకుతున్నా మళ్ళీ ఆ దారినే పోయింది. ప్రెస్సు ముందు సేటు సైకిల్ ఉంది. లోపల సేటు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా హనుమండ్లు తాత చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"సేటూ, నీతోని ఒక మాట చెప్పాలె," అంటున్నాడు.

"తాతా, ఆగు," అంది సరోజన. బొమ్మను ముందుకు చాపింది. "గిది నువ్వు ముందుగాల ఇచ్చిన సిరానే. తప్పు నాది. కాయితాలకు గంజి పెట్టి, నీతోని చెప్పలే."

తాత బొమ్మను గుమ్మం వెలుతురులోకి తీసుకుపోయాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఎంతసేపు చూశాడో.

"తోక మీది ఎంటికె గూడ మంచిగ అచ్చు పడ్డది," అన్నాడు మెల్లగా.

"ఏందో చెప్తనంటివి?" అడిగాడు సేటు.

"ఏం లేదు," అన్నాడు హనుమండ్లు తాత. "అవిసె నూనె అయిపోవచ్చింది. రేపు నాకు ఇంకో డబ్బా తెప్పియ్యాలె."