తొంభై రెండో ఆట

తిత్లీ తుపాను పోయి వారమైంది. కళింగపట్నంలో మా వీధికింకా కరెంటు రాలేదు. మధ్యాహ్నం మూడింటికి నా మనవడు శాంతికుమార్‌తో వీధి గదిలో కూర్చున్నాను. బయట సన్నగా వాన. గదినిండా తడిసిపోయిన ఎండుచేపల వాసన.

ముందు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. శాంతి చదరంగంలో గ్రాండ్‌మాస్టర్. అంటే ఆ ఆటలో అన్నిటికన్నా పెద్ద హోదా. మూడేళ్ళుగా దేశదేశాల మేటి ఆటగాళ్ళతో తొంభై ఒక్క ఆటలు ఆడాడు. కొన్ని గెలిచాడు, కొన్ని సమానంగా ముగిశాయి. ఒక్కటీ ఓడలేదు. పేపర్లలో ఫోటోలు వేశారు. వాడు మాత్రం పుల్లలా అయిపోయాడు.

"అమ్మమ్మా, నన్నోపాలి ఓడించు," అన్నాడు.

"నేనా? ఏటిరా, నా మోకాళ్ళ నొప్పులు సూసి జాలేసిందా?"

వాడు నవ్వలేదు. "నేను ఆడట్లేదే. తాత ఆడతన్నాడు. ఓడిపోదామని తప్పు ఎత్తు ఎయ్యబోతే నా సెయ్యి ఇంకో పావు మీదకెల్లిపోతాది. ఇప్పుడు అన్నం కలపడానికీ నా మాట ఇనట్లేదు."

తప్పు నాది. మూడేళ్ళ కిందట మా ఆయన సీమోను పోయినప్పుడు, ఆయన దగ్గరే ఆట నేర్చుకున్న ఈ పిల్లాడు సమాధి పెట్టె మీద పడి మూత వెయ్యనివ్వలేదు. ఆయన దగ్గరే ఆట నేర్చుకుంటూ సముద్రంలో కొట్టుకుపోయిన చిన్నపిల్ల సమాధి పక్కనే ఆయనకీ గొయ్యి తవ్వారు. పాస్టరు గారు బైబిలు మూసి నిలబడ్డారు. ఏళ్ళ తరబడి బళ్ళో పాఠాలు చెప్పిన నోరు నాది, ఊరుకోలేదు. "నువ్వు ఓడనంత కాలం తాత నీతోనే ఉంటాడు, లే నాన్నా" అన్నాను. వాడు లేచాడు.

ఇప్పుడు వాడు ఓడితే ఆయన వెళ్ళిపోతారు. ఓడకపోతే వీడు మిగలడు.

పావులు పేర్చాను. కాసేపాడాక వాడు రాణిని నాకు అప్పగించబోయాడు. చెయ్యి గాల్లో ఆగింది... పక్కకి పోయి గుర్రాన్ని పట్టుకుంది.

"సూసావా?" అన్నాడు గుసగుసగా.

తరగతి గదిలో అన్నట్టే అన్నాను. "చేతులు కట్టుకో. ఎత్తు నోటితో చెప్పు. నేను జరుపుతాను."

వాడు వేళ్ళు చంకల్లో ఇరికించుకుని, తప్పు మీద తప్పు చెప్పాడు. నేను జరిపాను. గది చల్లబడింది. ఒక్కో పావూ నీళ్ళబిందెలా బరువెక్కింది...

చివరి ఎత్తు నాది. రాణిని పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురం.

"ఏవండీ... ఇంక సాలు. పిల్లోణ్ణొదిలేసి ఎల్లండి."

జరిపాను. ఆట కట్టు.

"ఓడిపోయానే అమ్మమ్మా!" శాంతి భోరుమన్నాడు. మూడేళ్ళకి వాడి ముఖంలో ప్రాణం చూశాను. నేను కళ్ళు మూసుకుని ఆయన కోసం ఏడ్చాను.

ఆటయ్యాక ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి చెయ్యివ్వడం ఆనవాయితీ. బల్ల మీదుగా ఓ చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. చల్లగా... గట్టిగా.

కళ్ళు తెరిచాను.

శాంతి చేతులు ఇంకా చంకల్లోనే ఉన్నాయి. బల్ల మీద పావులు తప్ప ఇంకేమీ లేదు. పట్టు మాత్రం వదల్లేదు.

తడిమి చూశాను. మా ఆయన చెయ్యి నాకు తెలీదా? ఇది ఆయనది కాదు. అంటే ఆయన ఎప్పుడో వెళ్ళిపోయారు... మూడేళ్ళ కిందటే.

ఈ అరచెయ్యి పసిపిల్లది. వేళ్ళ సందుల్లో తడి ఇసుక.