నాలుగో కెమెరా బొట్టు

అంజయ్యను ముత్తంగి దగ్గర లారీ గుద్దింది. యాక్సిడెంట్ అని పేపర్లు రాశాయి. కాదని ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కు తెలుసు.

"పోయేముందు ఒక్క మెసేజ్ పంపాడు," అన్నాడు చీఫ్ సూర్యారావు, కారు అద్దం పైకెత్తుతూ. "‘కెమెరా అబద్ధమాడుతుంది.’ అంతే."

పక్క సీట్లో ఏజెంట్ కమలాకుమారి ఉంది. అంజయ్య ఆమెకు పని నేర్పిన మనిషి.

"పటాన్‌చెరులో మన క్షిపణులకు దారి చూపే గైరో చిప్‌లు తయారవుతాయి. మాస్టర్ చిప్ స్ట్రాంగ్‌రూంలో ఉంటుంది. అది దేశం దాటితే మన క్షిపణి ఎటు తిరుగుతుందో శత్రువుకు ముందే తెలుస్తుంది. దసరాకు ఫ్యాక్టరీ మొత్తం పూజ దగ్గరే ఉంటుంది. చిప్ కొట్టేయాలనుకున్న ముఠా ఆ టైమే చూసుకుంది."

"లోపల వాళ్ల మనిషి ఉన్నడా సార్?"

"ఉన్నాడు. ఎవరో తేలితే ఫోన్ చేసి ‘గునుగు వాడిపోయింది’ అను."

"బతుకమ్మల పేర్చే గునుగు పువ్వు వాడిపోదు కద సార్!"

"అందుకే. ఎవరూ పొరపాటున అనని మాట." సూర్యారావు ఒక టిఫిన్ క్యారియర్ అందించాడు. పై గిన్నెలో పులిహోర. కింది గిన్నెలో చిన్న కంప్యూటర్ టెర్మినల్, ఒక వైరు. "ఇది నీ దగ్గరున్నట్టు ఎవరికీ తెలియకూడదు."

"నాతోని ఎవరు?"

"వీర్రాజు."

కమల గుండె కుదుటపడింది. వీర్రాజంటే నల్లకళ్లద్దాలు, మడత నలగని చొక్కా, ఎంత ఆపదలోనైనా చెదరని నవ్వు. అంజయ్య పాడె మోసిన భుజం అతనిది. ఏ మిషన్ ముగిసినా కమలను లింగంపల్లి స్టేషన్‌లో రైలెక్కించి, రైలు కనుమరుగయ్యేదాకా ప్లాట్‌ఫాం మీదే నిలబడేవాడు. అలా నిలబడేవాడు ఒకడుంటే చాలు, ఏ ఊరికైనా ధైర్యంగా వెళ్లవచ్చని ఆమె అనుకునేది. అలాంటివాడి దగ్గర టిఫిన్ క్యారియర్ సంగతి దాచినందుకు సిగ్గుపడింది కూడా.

ఇద్దరూ కెమెరా కంపెనీ ఇంజనీర్ల వేషంలో ఫ్యాక్టరీలో దిగారు. 2002 అది. కంట్రోల్ రూంలో టీవీలు వరసగా వెలుగుతున్నాయి.

"జాయ్‌స్టిక్‌తో పనే లేదు," అన్నాడు వీర్రాజు, కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తూ. "ప్రతి కెమెరాకీ ప్రాపర్టీలు ఉంటాయి. ఎటు తిరగాలి, ఎంత దగ్గరగా చూడాలి. స్క్రిప్ట్‌లో, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల చిట్టాలో, విలువ మార్చామా, కెమెరా అలా తిరిగిపోతుంది. ఈ డబ్బా వీడియో స్విచర్. ఏ టీవీలో ఏ కెమెరా బొమ్మ రావాలో దీని ప్రాపర్టీ. రేపు స్క్రిప్ట్ నేను రాస్తాను. నువ్వు హాయిగా కూర్చుని చూడు కమలా."

పండగ పొద్దున పసుపు, కుంకుమ పళ్లెం, నిచ్చెనతో స్వీపర్ సంగమ్మ బయల్దేరింది. లేతు మిషన్లకు బొట్టు పెట్టింది, ఫ్యాన్లకు పెట్టింది, తాళాలకు పెట్టింది. చివరికి నిచ్చెనెక్కి స్ట్రాంగ్‌రూం ముందున్న నాలుగో కెమెరా అద్దం మీద బొటనవేలితో ఎర్రగా అద్దింది. కంట్రోల్ రూంలో నాలుగో టీవీ మూల ఎర్రబడింది. కమల పరుగున వచ్చింది.

"సంగమ్మక్కా! అద్దానికి పెట్టినవేంది? డబ్బాకు పెట్టరాదు?"

"బొట్టు మొఖానికి పెడ్తరా, ఈపుకు పెడ్తరా మేడమ్?"

"జెర తుడువ్ అక్కా. నాకు కనబడ్తలేదు."

"పూజ గాకముందె తుడుస్తె అరిష్టం. మీ సారుతోని చెప్పిచ్చినా తుడువ."

వీర్రాజు అప్పుడు చాయ్‌కి వెళ్లి ఉన్నాడు. సరే, మూలేగా అని కమల ఊరుకుంది.

పదకొండయింది. జనమంతా గేటు దగ్గర గుమిగూడారు. వెనకవాళ్లకు కూడా పూజ కనబడాలని ఆవరణలో అదే స్విచర్‌కు కలిపి రెండు పెద్ద టీవీలు పెట్టారు. వాకీటాకీలో వీర్రాజు గొంతు వినిపించింది. "నేను గేటు దగ్గరున్నాను. నాలుగో టీవీ వదలకు. క్లియరేనా?"

"క్లియర్," అంది కమల.

అన్నాక ఏదో వెలితిగా తోచింది. మళ్లీ చూసింది. స్ట్రాంగ్‌రూం తలుపు, ఖాళీ వరండా, అద్దంలా శుభ్రమైన బొమ్మ.

మూలన ఎరుపు లేదు.

కిటికీలోంచి ఆవరణలో ఉన్న సంగమ్మకు కేకేసింది. "అక్కా! నాలుగో కెమెరా తుడిచినవా?"

"నాకేమన్న పిచ్చా? బొట్టు తుడుస్తనా?"

అయితే ఇది ఇవాళ్టి బొమ్మ కాదు. నిన్నటి టేపు. కమల స్క్రిప్ట్ తెరిచింది. చివరి లైన్ అక్కడే ఉంది: టీవీ నాలుగు, ఇన్‌పుట్ వీసీఆర్. దాన్ని మార్చే పాస్‌వర్డ్ తెలిసినవాడు వీర్రాజు ఒక్కడే. మార్చబోతే కీబోర్డు మొరాయించింది. దానికీ తాళమేశాడు.

ఈ టేపు మోసాన్ని వీర్రాజు ముందే ఒకసారి దొంగచాటుగా చేసి చూసుండాలి. అంజయ్యకు ఏం కనబడిందో అర్థమైంది. ఎందుకు చనిపోయాడో కూడా. లింగంపల్లి ప్లాట్‌ఫాం గుర్తొచ్చింది. సాగనంపుతున్నాడనుకుంది ఇన్నాళ్లు. తాను వెళ్లిపోయిందని రూఢి చేసుకోవడానికే నిలబడేవాడా?

వెంటనే ఫోన్ నొక్కింది. "సార్, గునుగు వాడిపోయింది."

అవతల సూర్యారావు అన్నాడు, "గేటు మూయిస్తున్నాను. వాణ్ని రెండు నిమిషాలు ఆపు."

పులిహోర గిన్నె నేల మీద దొర్లింది. టెర్మినల్ వైరును నేరుగా స్విచర్ వెనక గుచ్చింది. వీర్రాజు నేర్పిన లైనే కొట్టింది, విలువ మాత్రం తనది: అన్ని టీవీలు, ఇన్‌పుట్ కెమెరా నాలుగు.

బయట పూజారి గుమ్మడికాయ పైకెత్తాడు. ఆవరణ టీవీల్లో పూజ మాయమైంది. ఎర్ర మరక పక్కనే, చేతిలో ఉక్కుపెట్టెతో వీర్రాజు. వరండా చివర ఇంజను ఆపని కారు. అందులోంచి చాచిన తెల్లదొర చెయ్యి.

"అగో, వీర్రాజు సారు టీవీల పడ్డడు!"

"గా పెట్టేందిరా? స్ట్రాంగ్‌రూంది కదా!"

"గేటెయ్యిర్రి! జల్దీ!"

కారు దూసుకొచ్చేసరికి గేటు కడ్డీ దిగింది. దాని ముందు షిఫ్టు మొత్తం నిలబడింది, గుమ్మడికాయతో సహా.

సూర్యారావు మనుషులు బేడీలు వేసేటప్పటికి కమల వచ్చింది. వీర్రాజు నల్లకళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి.

"టేపులో టైము నిమిషం కూడా తేడా రాలేదు. ఎలా కనిపెట్టావు కమలా?" అన్నాడు.

"అంజయ్యన్న పాడె మోసినప్పుడు నీ భుజం నొయ్యలేదా?" అంది కమల.

జవాబు కోసం ఆమె ఆగలేదు. జీపు కదిలేదాకా నిలబడి చూడలేదు, వెనక్కి తిరిగింది.

"ఆగుండ్రి సార్!" పళ్లెం పట్టుకుని సంగమ్మ పోలీసులకు అడ్డమొచ్చింది. వీర్రాజు బేడీల మీద కుంకుమ అద్ది, తృప్తిగా తల ఊపింది. "ఇనుమే కదా. పండుగపూట దీన్నొక్కదాన్ని ఇడిశిపెడ్తనా?"