రాతివాలు మీద నక్కవుల్లి

కరకండపురాన్ని ఏలే కంకణవర్మ వేటమదంతో వక్రదంష్ట్రుడనే రాక్షసుడి కొండమీదికి వెళ్లి, అతని శాపానికి గురయ్యాడు. ఆనాటినుంచి రాజు శరీరం పాదాల మొదలు రోజురోజుకూ రాయిగా మారసాగింది. వసంతంలో పూసే నక్కవుల్లిగడ్డ రసమే విరుగుడు. అది ఆ కొండమీదనే మొలుస్తుంది. తప్పుడు గడ్డ తెచ్చినవారినల్లా రాజు చెరలో వేయించాడు. కట్టెలు కొట్టే బసవడు వారిలో ఒకడు. అతని చెల్లెలు ఈరమ్మ తల్లివెంట వేర్లు తవ్వుతూ పెరిగిన పిల్ల. ఆమె గునపం భుజాన వేసుకుని బయలుదేరింది.

"పోయిరా! మీ అన్న పక్కనే ఇంకో గొలుసు ఖాళీగా ఉంది," అని కోటకాపరి వెక్కిరించాడు.

కొండకింది ఏటివద్ద మూడుపడగల పాము బుసకొట్టింది. "నక్కవుల్లి కోసమేనా? అదిగో, గట్టుమీద పూసింది. తవ్వుకుని పో!"

ఈరమ్మ బురదను కాలితో నొక్కి చూసింది. "నీళ్లు నిలిచేచోట దాని గడ్డ కుళ్లిపోతుంది. అది ఎండకు మాడే గులకరాళ్ల నేలలో బతుకుతుంది. నన్ను బురదలో దించి కాటేద్దామనుకున్నావా?"

పాము మీదికి దూకింది. ఈరమ్మ గునపంతో దాని నడిమి పడగను నేలకు గుచ్చి, గునపం లాక్కుని ఏరు దాటింది.

కొండ నడుమ వక్రదంష్ట్రుడు దారి కాచాడు. "నా కొండమీద వేయి పూలున్నాయి. ఒక్కటే పెరుకు. సరైనదైతే నిన్ను ముట్టను. తప్పితే నువ్వూ రాయివే!"

ఎదురుగా తోటనిండా పచ్చని ఆకుల మధ్య తెల్లని పూలు. ఈరమ్మ చాలాసేపు వెతికి, చివరికి తోటకు వీపు తిప్పింది.

"ఇందులో అది లేదు. నక్కవుల్లి పూసేవేళ ఒక్క ఆకూ ఉండదు. వానలు పడ్డాకే ఆకు వేస్తుంది."

వెనుక రాతివాలు మీద, పగుల్లోంచి, ఆకు లేని కాడ ఒకటి నిలిచి ఉంది. దానికి ఆరేసి రేకుల పూలు గంటల్లా వేలాడుతున్నాయి. ఆమె తవ్వింది. గడ్డ రసం తగిలి అరచేతులు మండినా వదలలేదు. మాటకు కట్టుబడిన రాక్షసుడు పళ్లు కొరుకుతూ నిలబడిపోయాడు.

ఆమె తిరిగొచ్చేసరికి రాయి రాజు ఛాతీదాకా పాకింది.

"ఇటు తే!" అన్నాడు రాజు.

"ముందు చెరసాల తలుపులు తీయించండి, ప్రభూ."

"నాకే షరతా? నీ తల తీయిస్తాను!"

"తీయించండి. ఈ రసం కాస్త ఎక్కువైతే విషం. ఎంత పోయాలో ఆ తలకే తెలుసు."

రాయి మెడను తాకింది. రాజు ఆజ్ఞ ఇచ్చాడు. బందీలందరూ బయటికి వచ్చాకే ఈరమ్మ రాజు నోట్లో రసం పోసింది. రాయి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

సిగ్గుపడిన రాజు ఆమెను ఆ కొండసీమకు ఏలికను చేశాడు. గడ్డ తవ్వినవారెవరైనా ఆ గుంటలో గింజలు చల్లనిదే కొండ దిగరాదన్నది ఆమె తొలి శాసనం. ఆమె ఏలినన్నాళ్లూ దాన్ని దాటే ధైర్యం ఎవరికీ లేకపోయింది.