గోడమీద కుదరని చెవి

“ఆ పరంజా విరిగితే ఏం చేస్తావే?” అని నేను అడిగేనాటికి పరంజా ఇంకా కట్టనేలేదు. రంగు డబ్బాలు సర్దుకుంటున్న మా అమ్మాయి తలైనా ఎత్తలేదు. నా భయం దానికి ఫ్యాను చప్పుడు లాంటిది. ఆగితేనే తెలుస్తుంది.

అది గోడలమీద పెద్ద బొమ్మలు వేస్తుంది. ఈసారి మా వీధికి మేలు చేసిన మనిషెవరో వీధివాళ్ళే చెప్పాలని పని ఒప్పజెప్పినవాళ్ళు అన్నారు. ఎక్కువమంది ఎవరిని చెబితే వాళ్ళ ముఖం మూడంతస్తుల గోడమీదికి ఎక్కుతుంది. నేను సంచులతో ఆయాసపడుతూ వస్తుంటే బస్సు ఆపి ఉంచే డ్రైవరు కుర్రాణ్ణి చెప్పాను. నాలాంటి మోకాళ్ళవాళ్ళంతా అతన్నే చెప్పారు.

ఫోటో చూసి వేయడం మా అమ్మాయికి గిట్టదు. మనిషి ఎదురుగా ఉండాలి. అందుకని డ్యూటీ దిగాక అతను వచ్చి గోడముందు స్టూలుమీద కూర్చునేవాడు. బస్సు అద్దాలు చూసుకునే అలవాటు కదా, తల కుదురుగా నిలపడు.

“మీ వెనక ఏ లారీ రావట్లేదు. కదలకండి,” అని మొదటిరోజే పైనుంచి కసిరింది.

“వెనక కాదండీ, నా భయమంతా పైనుంచే,” అన్నాడతను.

వీధంతా నవ్వింది. పిల్లకి పని పోయిందనే అనుకున్నాను నేను.

పని పోలేదు. నుదురు, మీసం, చొక్కా కాలరు అన్నీ చక్కగా వచ్చాయి. ఎడమ చెవి ఒక్కటే రాలేదు. సాయంత్రం వేసేది, కుదరలేదంటూ పైన రంగు పూసేసేది, మర్నాడు అతన్ని మళ్ళీ రమ్మనేది. నాకు నిద్ర పట్టలేదు. దాని చూపు మందగించిందని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఈ పిల్ల చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టగలదన్నాడాయన. అయితే లోపం చెవిదేనని తేల్చుకుని, బస్సులో అతని వెనక సీట్లో కూర్చుని పరీక్షగా చూశాను. చెవి చెవిలాగే ఉంది.

ఇంతలో పని ఒప్పజెప్పినవాళ్ళు వచ్చారు. ఇంకా ఆలస్యమైతే వేరేవాళ్ళతో వేయించుకుంటామన్నారు. ఇక నా కాలు ఒకచోట నిలవలేదు. బాబూ, కాస్త కదలకుండా కూర్చో అని చెప్పడానికే డ్రైవరు దగ్గరికి వెళ్ళాను. నా నోరు ఎప్పుడు నా మాట విన్నది కనుక?

“మా అమ్మాయికి నిన్ను చూసి చూసి విసుగొచ్చింది నాయనా,” అనేశాను.

అతను సరేనమ్మా అన్నాడు. మర్నాడు రాలేదు.

ఆ రోజు నేను టీ తెచ్చేలోపు చెవి పూర్తయింది. అతను లేకుండానే. నా తెలివికి నేనే మురిసిపోయాను. తీరా ఇంటికొచ్చాక చూస్తే, ఎంత అలిసినా బ్రష్షులు కడగనిదే కూర్చోని పిల్ల, వాటిని అలాగే ఎండిపోనిచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఏమైందే అంటే, అతను ఎందుకు రాలేదో అని మాత్రం అంది. నేనన్న మాట చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది.

నా తలకి అప్పుడెక్కింది. తెల్లారగానే పోయి, విసుగన్నది నేనేగానీ మా పిల్ల కాదని అతనికి చెప్పాను. అతను గేరు మార్చి రోడ్డువైపే చూశాడు. ఇదీ చెడగొట్టానని ఇంటిదాకా కుమిలిపోయాను.

సాయంత్రం సన్నగా వాన పడుతోంది. మా అమ్మాయి పరంజామీద గోడ అంచులు దిద్దుతోంది. అతను యూనిఫాంలోనే వచ్చి, తన ముఖంకింద తనే తడుస్తూ నిలబడ్డాడు.

“మీ అమ్మగారు ఒకసారి ఒకటి చెప్పారు, ఇంకోసారి ఇంకోటి చెప్పారు. మీరే చెప్పండి. నన్ను చూస్తే విసుగా?”

అది చెయ్యి ఆపింది. దారినపోయేవాళ్ళు గొడుగులు పక్కకి వంచి పైకి చూశారు. జారిపడుతుందని, పిడుగు పడుతుందని, అతనికి జ్వరం వస్తుందని, అతను వెళ్ళిపోతాడని వరసగా భయపడ్డాను. అన్నింటికంటే ఆ చివరిదానికే ఎక్కువ భయపడ్డాను. బ్రష్షు కొసనుంచి రంగు కారి దాని మోచేతిదాకా వచ్చింది.

“ఆ చెవి ఏ రోజూ కుదరకపోలేదండీ,” అంది చివరికి, గోడతో చెబుతున్నట్టు. “కుదిరినప్పుడల్లా చెరిపాను. అయిపోతే మీరు రారుగా.”