రాజోలు ల్యాబ్‌లో మాయమైన ప్రోగ్రాములు

దసరా వెళ్లిన మర్నాడు, భోజనాల వేళ, అమలాపురంలో డిటెక్టివ్ సత్యవేణి ఆఫీసుకి జోజి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సాయంత్రానికల్లా నన్ను పోలీసులకి అప్పజెప్పేస్తారంటండి. నేనేం చెయ్యలేదు అమ్మగారూ!"

రాజోలులో రాజేంద్రప్రసాద్ గారికి రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్ ఉంది. జోజి అక్కడ పని చేస్తాడు. పరీక్షల ఫలితాలన్నీ, విండోస్ బదులు లైనక్స్ అనే సిస్టమ్ మీద నడిచే ఒక కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ ఉదయం జోజి వెళ్లి ఏ ప్రోగ్రామ్ పిలిచినా, అలాంటిది లేదని తెర మీద పడింది. ఆపి మళ్లీ వేస్తే కంప్యూటర్ అసలు లేవనే లేదు.

"నీ మీదే ఎందుకు అనుమానం?" అంది సత్యవేణి.

"పండక్కి ముందు సెలవడిగితే ఇవ్వలేదని కాస్త గట్టిగా మాట్లాడేనండి. పైగా ఆ కంప్యూటర్ నాకు తప్ప ఎవరికీ రాదు కదండీ."

"ఆఖరిసారి ఎప్పుడు ముట్టుకున్నావు?"

"ఆయుధపూజ నాడు పొద్దున్నండి. పూజలో వెలుగుతూ ఉండాలన్నారని ఆపకుండా వచ్చేసేను. లోపల ఏదైనా మార్చడానికీ, తుడిచెయ్యడానికీ వీలున్న యూజర్ పేరుతోనే తెరిచి ఉందండి."

"తాళం వెయ్యకుండా బీరువా వదిలేసినట్టు," అన్నాడు ఆమె సహాయకుడు నాగసతీష్. అతను కంప్యూటర్ కోర్సు చదివినవాడు.

జోజి తల వంచుకున్నాడు. ముగ్గురూ రాజోలు బస్సెక్కారు.

ల్యాబ్ కడిగిన ముత్యంలా ఉంది. కొత్త వలలకీ, గాజు గొట్టాల స్టాండులకీ, ఆఖరికి కంప్యూటర్‌కీ పసుపు, కుంకుమ బొట్లు. రాజేంద్రప్రసాద్ ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఆయన బావమరిది రమణబాబు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"మీరు పెళ్లి సంబంధాలు వాకబు చేస్తారని విన్నానండి. కంప్యూటర్‌కి కూడా చూస్తున్నారా ఏంటి?"

"మంచి ఇంటిదైతే చూస్తామండి," అంది సత్యవేణి.

కంప్యూటర్‌లోకి మొదట్లో లైనక్స్ ఎక్కించిన సీడీలని నాగసతీష్ బీరువాలోంచి తీయించాడు. మొదటి సీడీ పెట్టి కంప్యూటర్ వేశాడు. తెర వెలిగింది.

"లేచిందే!" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"డిస్కులో పనిముట్లు పోయినా, సీడీ తన పనిముట్లు తనే తెచ్చుకుంటుందండి. దాంతో లోపలికెళ్లి చూడొచ్చు." కాసేపటికి నాగసతీష్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఫలితాలన్నీ ఉన్నాయి మేడమ్. పోయినవి ప్రోగ్రాములే. ఒకే చోట పదుల కొద్దీ ఉండాలి, అక్కడ రెండే మిగిలేయి. రెండూ ఈ వేసవిలో జోజి ఎక్కించినవి."

"చూసేరా బావగారూ!" రమణబాబు లేచి నిలబడ్డాడు. "తన సొంతవి ఉంచుకుని మిగతావి తుడిచేసేడు. ఇంకేం కావాలండీ రుజువు?"

జోజి మొహం పాలిపోయింది. సత్యవేణి తెర వైపు వంగింది.

"పోయినవి ఎప్పటివి సతీష్?"

"అన్నీ సీడీలో వచ్చినవే మేడమ్. రెండేళ్ల కిందటి తేదీలు."

నాగసతీష్ పోయిన ప్రోగ్రాములను సీడీల్లోంచి తిరిగి ఎక్కిస్తుంటే, ఆమె పెరట్లోకి వెళ్లింది. గోడ పక్కన తుప్పు పట్టిన జల్లెడలు, చిరిగిన వలలు, ఎండిపోయిన మందు సీసాలు కుప్ప పోసి ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది. తిరిగొచ్చి అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టింది.

"రమణబాబు గారూ, పూజకి ల్యాబ్ దులిపింది మీరేనా అండీ?"

"ఆయ్. ఒక్కణ్ణే దులిపేను."

"చాలా శుభ్రంగా ఉంది. ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో ఎలా చూసుకున్నారు?"

"అదేముందండీ? రెండేళ్లుగా ఎవరూ ముట్టని పాత సామాను దేవుడి ముందు పెడతామా? అవన్నీ బయట..."

అక్కడ ఆగిపోయాడు.

"పగ తీర్చుకునేవాడైతే ముందు ఫలితాలు తుడిచేవాడు," అంది సత్యవేణి. "వాటిని ముట్టలేదు, ఎందుకంటే అవి కొత్తవి. జోజి ఎక్కించినవి మిగిలింది జోజివి కాబట్టి కాదు, అవీ కొత్తవి కాబట్టి. ఈ పని చేసినవాడు మనిషిని చూడలేదు, తేదీ చూసేడు. పెరట్లో కుప్ప కూడా అదే లెక్కన పడింది. కంప్యూటర్ కూడా పనిముట్టే కదా అని లోపల కూడా దులిపేరు. తెరిచే ఉంది, అదీ అడ్డు చెప్పలేదు. అవునా అండీ?"

రమణబాబు కుర్చీలో కూలబడ్డాడు. "తేదీల వరసలో పెట్టి చూసేనండి. పాతవన్నీ చెత్తే అనుకున్నాను. వాటిమీదే నడుస్తుందని నాకేం తెలుసు? కంప్యూటర్ చెడిపోయిందంటే, దానికీ దీనికీ సంబంధం ఉందని తట్టనేలేదు. అమ్మవారి సాక్షిగా చెబుతున్నాను బావగారూ!"

"పాతదని మా నాన్ననీ దులిపెయ్యలేదు, అదృష్టం!" అన్నాడు రాజేంద్రప్రసాద్. కోపంగా అనబోయి నవ్వేశాడు.

అప్పుడే నాగసతీష్ సీడీ తీసేసి కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. తనంతట తనే లేచింది. చెరువుల పేర్లు, ఫలితాలు వరసగా తెర మీదికొచ్చాయి. చూశారా మేడమ్ అన్నట్టు అతను సత్యవేణి వైపు చూశాడు. ఆమె చెప్పులు వేసుకుంటోంది.

రమణబాబు వెళ్లి జోజి చెయ్యి పట్టుకున్నాడు. "అబ్బాయ్, అన్యాయంగా అనుమానించేను నిన్ను. తప్పు నాదిరా."

జోజి కళ్లు తుడుచుకున్నాడు. "వచ్చే ఏడు బయటంతా మీరే దులపండి బాబుగారూ. లోపల నేను చూసుకుంటాను."

రాజేంద్రప్రసాద్ కంప్యూటర్ ముందు కుర్చీ లాగి జోజికి చూపించాడు. గుమ్మంలో ఎవరో రైతు నీళ్ల సీసా పట్టుకుని చాలాసేపట్నుంచి నిలబడి ఉన్నాడు. జోజి కూర్చుని, "ఏ చెరువండీ?" అని అడిగాడు.